వేన్నీళ్లు, చన్నీళ్లు, పెట్లుప్పు

నీరు కాగినకొలదియు దానిలో వేసిన వస్తువు మరింతగా కరగునని మనమందరము ఎరుగుదుము. వేడిపాలలో చక్కెరయు, పొయ్యిమీది పాకములో బెల్లమును చిన్ననాటనే మనకు నేర్పిన పాఠమిది. అయితే వంటయింటి ఉప్పును పరీక్షించి చూచినచో ఈ పాఠము తప్పిపోవును. మంచువలె చల్లనైన 100 పాళ్ల నీటిలో సుమారు 36 పాళ్ల ఉప్పు కరగును. ఆ నీటినే సలసల మరగించినను కరగునది 39 పాళ్లు మాత్రమే. ఇంత కట్టె కాల్చినందుకు దక్కిన లాభము మూడు పాళ్లు! అందుచేతనే చినగంజాములోగాని, నౌపడలోగాని ఉప్పు పండించువారు సముద్రపు నీటిని చల్లార్చి ఉప్పు తీయజాలరు. నీటిని ఎండకు ఆవిరిగా పంపివేయవలసినదే. వేరొక దారిని ఆ ఉప్పు చేతికి రాదు.

పెట్లుప్పు స్వభావము దీనికి పూర్తిగా భిన్నము. పెట్లుప్పనగా సురేకారము, హిందీవారి శోరా, రసాయన శాస్త్రజ్ఞులు పొటాసియం నైట్రేటనునది. సున్న డిగ్రీల చల్లదనమున 100 పాళ్ల నీరు 13 పాళ్ల పెట్లుప్పును మాత్రమే తనలో ఇముడ్చుకొనును. 20 డిగ్రీల వద్ద 32 పాళ్లు, 60 డిగ్రీల వద్ద 110 పాళ్లు, మరుగునప్పుడు 246 పాళ్లు! అనగా మరుగు నీరు తన బరువునకు సుమారు రెండున్నర రెట్ల పెట్లుప్పును మ్రింగి, చల్లారినప్పుడు అందులో అధికభాగమును తిరిగి కక్కివేయుచున్నదన్నమాట. 24 డిగ్రీల సమీపమున ఈ రెండు ఉప్పులును సమానముగా కరగును. అంతకు దిగువను మామూలు ఉప్పుది పైచేయి, అంతకు ఎగువను పెట్లుప్పుది పైచేయి.

చూచుటకు ఇది పాఠ్యపుస్తకములోని చిన్న పట్టికవలె నుండును. కాని ఐరోపా రాజ్యముల తుపాకులును, మన గంగాతీరమందలి వేలకొలది మట్టిపొయ్యిలును కొన్ని శతాబ్దములపాటు ఈ పట్టికపైననే ఆధారపడియుండెను. ఆ పట్టికను ఎవరును వ్రాయకమునుపే దానిని చేతులతో ఎరిగినవారు కలరు. వారి కథను, తరువాత దానిని కాగితముపై గీతగా గీసినవారి కథను మనమిప్పుడు చెప్పుకొందము.

నల్లని తుపాకిమందులో మూడు సరకులుండును: బొగ్గు, గంధకము, పెట్లుప్పు. వీనిలో పెట్లుప్పు పాలు దాదాపు ముప్పాతిక వంతు. బొగ్గు ఏ కట్టెనుండియైనను వచ్చును, గంధకమును కొని తెచ్చుకొనవచ్చును, చిక్కంతయు పెట్లుప్పుతోనే. అది గనులలో శుద్ధముగా దొరకునది గాదు. పశువుల కొట్టముల చుట్టును, పాతగోడల మొదళ్లను, జనము చిరకాలముగా మసలిన నేలలపైనను తెల్లని పొరగా పుట్టును. మలమూత్రాదులు నేలలో కుళ్లినప్పుడు కంటికి కానరాని సూక్ష్మజీవులు వానినుండి నైట్రేటును తయారుచేయునని 1877లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ష్లోసింగు, మ్యూన్‌జు నిరూపించిరి. ఆ పొర పేరుకు పెట్లుప్పేగాని, దానితో కూడ మామూలు ఉప్పును, కాల్సియం నైట్రేటును, మట్టియు కలగలుపుగా వచ్చును. ఈ కాల్సియం నైట్రేటు గాలిలోని తేమను లాగుకొని తడిసిపోవు స్వభావము కలది. అది మిగిలియున్న మందు వానకాలమున మండదు. మామూలు ఉప్పు మిగిలియున్నచో ఆ మేరకు మందు బలము తగ్గును. కాబట్టి పెట్లుప్పును సంపాదించుటకంటె దానిని తక్కినవానినుండి వేరుచేయుటయే అసలు విద్య.

చీనావారి యుద్ధశాస్త్ర గ్రంథమగు ‘ఊజింగ్ జోంగ్‌యావ్’ 1044 నాటికే మందు పాళ్లను వ్రాసియుంచినది. 1295 ప్రాంతమున గతించిన హసన్ అల్ రమ్మాహ్ అను సిరియా దేశీయుడు పెట్లుప్పును నీట కాచి, కట్టెబూడిద చేర్చి, చల్లార్చి, స్ఫటికములుగా తీయు పద్ధతిని వివరించెను. బూడిదలోని క్షారము కాల్సియమును సున్నముగా అడుగునకు దింపును. చల్లదనము పెట్లుప్పును ఉప్పునుండి విడదీయును. ఇటలీలో బిరింగుచ్చియో 1540లోను, బొహీమియాలో ఎర్కరు 1574లోను ఈ విద్యనే తమ గ్రంథములలో సవిస్తరముగా చెప్పిరి. వీరిలో ఎవరికిని ఉష్ణమాపకము లేదు. ‘కాగినది’, ‘చల్లారినది’ అను రెండు మాటలతోనే వారు పని నడిపిరి.

ఈ విద్య మన దేశమున మిక్కిలిగా వర్ధిల్లినచోటు బీహారు. తిరహుతు, సారన్, చంపారన్ ప్రాంతములలో నూనియాలనువారు తరతరములుగా ఈ వృత్తినే నమ్ముకొని బ్రదికిరి. వానలు వెనుకబట్టి నేల ఆరిన పిమ్మట తెల్లని పొర పైకి పొంగును. దానిని గీకి, బుట్టలతో మోసికొనివచ్చి, మట్టిగోడలు కట్టిన తొట్టిలో వెదురుబద్దలమీదను, గడ్డిమీదను పరచి, కాళ్లతో త్రొక్కి నీరు పోయుదురు. గోధుమవన్నె నీరు మెల్లమెల్లగా క్రింది కుండలోనికి దిగును. ఆ నీటిని ఆకులు, గడ్డి మండించి కాచుదురు. నీరు ఇగిరినకొలది మామూలు ఉప్పు వేడిలోనే అడుగున పడును. అది వేడికి లొంగని ఉప్పు గదా! దానిని గరిటెతో తీసివేసి, మిగిలిన చిక్కని నీటిని మట్టిమూకుళ్లలో పోసి రాత్రియంతయు చల్లారనిత్తురు. తెల్లవారునప్పటికి సూదులవలె, కలములవలె పెట్లుప్పు నిలిచియుండును. మరల శుద్ధిచేసిన సరకును హిందీలో ‘కల్మీ శోరా’ అనుట ఈ కలములవంటి స్ఫటికములనుబట్టియే.

ఆ మూకుడులో జరిగినదానిని లెక్కకట్టి చూతము. మరుగుచున్న 100 పాళ్ల నీటిలో 100 పాళ్ల పెట్లుప్పును, 20 పాళ్ల ఉప్పును కరగియున్నవనుకొందము. మాఘమాసపు రాత్రి ఆ నీరు 10 డిగ్రీలకు దిగినది. ఆ చల్లదనమున నీటిలో నిలువగల పెట్లుప్పు సుమారు 21 పాళ్లే. తక్కిన 79 పాళ్లును స్ఫటికములై దిగిపోవును. ఉప్పు సంగతియో? 10 డిగ్రీల వద్దను నీరు 35 పాళ్లకు పైగా ఉప్పును పట్టగలదు. అందుచే ఆ 20 పాళ్లును నీటిలోనే ఉండిపోవును. ఒక్క రాత్రిలో, ఒక్క కట్టెయైనను కాల్చకుండ, రెండు ఉప్పులు విడిపోయినవి. బంగాళాఖాతపు తీరమున ఎండ చేయుపనిని గంగాతీరమున చలిరాత్రి చేయుచున్నదని చెప్పవచ్చును.

ఇదే కాలమున ఉత్తరదేశమున పెట్లుప్పునకు వేరొక ప్రయోజనమును కనుగొనబడినది. అబుల్ ఫజల్ తన ‘అయినీ అక్బరీ’లో పాదుషావారి త్రాగునీటిని గూర్చి చెప్పుచు, మందుగుండులో మంట పుట్టించు ఈ పదార్థమే నీటిని చల్లబరచుటకు వాడబడుచున్నదని వ్రాసెను. రెండున్నర సేర్ల పెట్లుప్పును ఐదు సేర్ల నీటిలో వేసి, సేరు నీరుపట్టిన లోహపు కూజాను మూతి బిగించి దానిలో కొంతసేపు త్రిప్పినచో లోపలి నీరు చల్లబడును. 1586లో అక్బరు కొలువు పంజాబునకు తరలినపిమ్మట హిమాలయపు మంచు అందుబాటులోనికి వచ్చినది. అయినను ఈ పద్ధతి నశింపలేదు. తరువాతి శతాబ్దిలో మొగలు కొలువును దర్శించిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియరు కూడ దీనిని ప్రస్తావించెను. రోమునగరమున 1550లోనే విల్లాఫ్రాంకా అను వైద్యుడు ద్రాక్షరసమును పెట్లుప్పుతో చల్లబరచు విధమును గూర్చి చిన్న గ్రంథము ప్రకటించియుండెను.

అబుల్ ఫజల్ చెప్పిన పాళ్లను పట్టికతో పోల్చి చూచుట వినోదముగా నుండును. 100 పాళ్ల నీటికి 50 పాళ్ల పెట్లుప్పు. వేసవిలో 35 డిగ్రీల నీటిలో అది యించుమించుగా అంతయు కరగవలసినదే. కాని కరగినకొలది నీరు చల్లబడును. చల్లబడినకొలది నీటికి కరగించు శక్తి తగ్గును. నీరు 15 డిగ్రీలకు దిగినచో 25 లేక 26 పాళ్లకంటె ఇముడవు. మిగిలినది అడుగుననే కూర్చుండును. ఆ చల్లదనము తనకు తానే కళ్లెము వేసికొనుచున్నదన్నమాట. వేడిచే ఎక్కువగా కరగు ఉప్పు కరగునప్పుడు చల్లదనము నిచ్చుట కాకతాళీయము కాదు. అది ఎందుకైనదో కొంచెము తరువాత చూతము.

ఐరోపాలో పెట్లుప్పు కొరత రాజులకు నిద్రలేకుండ చేసెను. ఇంగ్లండులో రాజాజ్ఞతో వచ్చిన మనుష్యులు ప్రజల గుఱ్ఱపుసాలలను, పావురముల గూళ్లను త్రవ్విపోసెడివారు. అది పార్లమెంటులో పెద్ద ఫిర్యాదైనది. మొదటి చార్లెసు 1626లో లండనువాసులు మనుష్యుల మూత్రమును, పశువుల మూత్రమును వృథాపోనీక దాచి ఇయ్యవలెనని శాసించెను. రాజ్యము ఇంతవరకు దిగజారిన పిమ్మట బీహారు పెట్లుప్పు ఓడలకెక్కుట మొదలైనది. ఓడ కడుపున బరువుగా వేసికొనుటకును అది అనుకూలించెను. డచ్చివారు పదునేడవ శతాబ్దిలో మన ప్రక్కనున్న పులికాటులో మందు తయారుచేయు కర్మాగారమునే నడిపిరి. ఈస్టిండియా కంపెనీ 1693లో తన సన్నదును తిరిగి పొందినప్పుడు ఏటేట 500 టన్నుల పెట్లుప్పును ప్రభుత్వమున కియ్యవలెనను షరతునకు లోబడవలసివచ్చెను. ప్లాసీ యుద్ధమైన మరుసటి యేడే, 1758లో, క్లైవు మీర్‌జాఫరునుండి పాట్నా పెట్లుప్పు వర్తకముపై కంపెనీకి గుత్తాధికారమును పొందెను. ప్లాసీని గూర్చి మన పాఠ్యపుస్తకములు చెప్పునంత విపులముగా ఈ గుత్తను గూర్చి చెప్పకపోవుట మాకు లోపముగనే తోచుచున్నది. నాటినుండి నూనియా పండించినదానికి వెల కట్టువాడు ఒక్కడే అయ్యెను.

ఇంగ్లండునకు దక్కినది ఫ్రాన్సునకు దక్కకపోయెను. సప్తవర్ష సంగ్రామమున మందు కొరత ఎట్టిదో ఫ్రెంచివారు చవిచూచిరి. 1775లో మంత్రి తుర్గో ఈ శాఖను ప్రభుత్వపు చేతిలోనికి తీసికొని నలుగురు అధికారులను నియమించెను. వారిలో నొకడు నవీన రసాయనశాస్త్ర పితయగు లవోయిజే. ఆయన ఆయుధాగారముననే కాపురముండి, అచ్చటనే తన ప్రయోగశాలను నెలకొల్పెను. 1794లో విప్లవ ప్రభుత్వము ఆయన తల తీయించినది. పన్నుల గుత్తేదారులలో ఆయన యొకడుగా నుండుటయే దానికి కారణము. ఆ సంవత్సరముననే పారిసు పౌరులు తమ నేలమాళిగలను గీకి పెట్లుప్పు తీయవలసివచ్చినది. అప్పుడు తొందరపనిగా ముడిసరకును దంచి చన్నీట కడుగు పద్ధతిని వాడిరి. చన్నీరు ఉప్పును ఎక్కువగాను, పెట్లుప్పును తక్కువగాను తీసికొనిపోవునుగదా. బీహారు మూకుడులోని న్యాయమే ఇదియును. తిరగవేసిన రీతిగా వాడబడినది.

ఇంత జరిగినను ఏ వేడికి ఏ ఉప్పు ఎంత కరగునో నమ్మదగిన లెక్క ఎవరివద్దను లేదు. ఒక రసాయనజ్ఞుని అంకెకు మరియొకని అంకె పొసగెడిది కాదు. ఆ లోపమును తీర్చినవాడు గే లుసాక్. ఆయన ఫ్రెంచి ప్రభుత్వపు మందు, పెట్లుప్పు సలహాసంఘమున సభ్యుడు కూడ. 1819లో ఆయన లవణముల కరగుదలను గూర్చి ప్రకటించిన వ్యాసమున పద్ధతి ఎంత సరళమైనదో చూడుడు. నీటిలో కరగగలిగినదానికంటె ఎక్కువ ఉప్పు వేసి, ఒకే వేడిమివద్ద చాలసేపు నిలిపి, కలియబెట్టుచుండుట. పిమ్మట పైతేటను తూచి, నీటిని ఇగిర్చి, మిగిలిన ఉప్పును తూచుట. ఇంతే. కాని ఇందొక మెలకువ గలదు. చన్నీటిని వేడిచేయుచు ఆ వేడిమికి వచ్చినను, వేడినీటిని చల్లార్చుచు ఆ వేడిమికే వచ్చినను, అడుగున ఉప్పు మిగిలియున్నచో అంకె ఒక్కటిగానే యుండవలెను. అట్లు రెండు దారులను కలిసినప్పుడే అది సంతృప్త ద్రావణము. పూర్వుల అంకెలు పొసగకపోవుటకు ఈ జాగ్రత్త లేకపోవుటయే చాలవరకు కారణము.

ఆ అంకెలను ఆయన గీతలుగా గీసెను. అడ్డముగా వేడిమి, నిలువుగా కరగుదల. మామూలు ఉప్పు గీత నేలమీద పరుండినట్లుండును. పెట్లుప్పు గీత కొండనెక్కును. ఒకే కాగితమున ఈ రెండు గీతలు ఒకదానినొకటి ఖండించుకొనుట చూచినవారికి నూనియాల విద్యయంతయు ఆ కూడలిలో కనబడకపోదు. గ్లాబరు లవణము గీత అందరను ఆశ్చర్యపరచినది. అది సున్న డిగ్రీల వద్ద 5 పాళ్లతో ఆరంభించి 32 డిగ్రీలు దాటువరకు నిటారుగా లేచి 50 పాళ్లను అందుకొనును. అచ్చటనుండి మలుపు తిరిగి, మరుగు నీటియొద్దకు వచ్చునప్పటికి 42 పాళ్లకు దిగును. ఆ మలుపునకు దిగువను అడుగున పడునది నీటిని తనలో పట్టియుంచుకొన్న స్ఫటికము. ఎగువను పడునది నీరులేని లవణము. నిజమునకు అవి రెండు వేర్వేరు వస్తువుల గీతలు. వేడి పెరిగిన కరగుదల పెరుగునను వాడుకమాట ఎంత తొందరపాటుదో ఈ ఒక్క గీత చాలును. సున్నపునీరు కూడ అట్టిదే. కాచినచో తేటనీటినుండి సున్నము విడిపోవును.

కారణమును చెప్పిన ఘనత మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞునిది. 1884లో లే షాతెల్యే ప్రతిపాదించిన సూత్రమును మన మాటలలో చెప్పుకొనవలెనన్న, నిలకడనున్న వ్యవస్థను మనము ఒకవైపునకు త్రోసినచో అది ఆ త్రోపును తగ్గించుకొను వైపునకే జరుగును. పెట్లుప్పు కరగునప్పుడు వేడిని లోనికి తీసికొనును. అక్బరు కూజా చల్లబడినది అందుచేతనే. కాబట్టి మనము వేడిని ఇచ్చినచో ఆ వేడిని ఖర్చుపెట్టు పనియగు కరగుట మరింత జరుగును. మామూలు ఉప్పు కరగునప్పుడు తీసికొను వేడి అత్యల్పము. అందుచే దాని గీత కదలదు. కరగునప్పుడు వేడిని వెలికిచ్చు సున్నమువంటివి కాచినచో తక్కువగా కరగును. పాదుషా త్రాగునీరును, నూనియా మూకుడును ఒకే న్యాయమునకు రెండు మొగములని తెలియుటకు ఇంతకాలము పట్టినది.

గీతలు గీసినందువలన పనివానికి కలిగిన లాభమేమి యని మనము అడుగవచ్చును. నూనియాకు ఏమియు లేదు; అతనికి అది ముందే తెలియును. తెలిసినది ఇతరులకు. దక్షిణ అమెరికా పశ్చిమతీరపు ఎడారిలో సోడియం నైట్రేటు కుప్పలు తెప్పలుగా దొరకెను. అది తేమను పట్టును గనుక తుపాకిమందునకు అంతగా పనికిరాదు. జర్మనీలో స్టాస్‌ఫుర్టు వద్ద 1861 నుండి పొటాష్ లవణములు గనులనుండి తీయబడసాగెను. ఈ రెండింటిని మరుగు నీటిలో కలిపినచో నాలుగు ఉప్పులు ఏర్పడు అవకాశము గలదు. వానిలో మరుగునప్పుడు అతి తక్కువగా కరగునది మన వంటయింటి ఉప్పు. అది వేడిలోనే అడుగున పడును. వేడి తేటను వడగట్టి చల్లార్చినచో పెట్లుప్పు పడును. గీతలను ఎదుట పెట్టుకొని ఆలోచించినవారికే ఈ మార్గము విశదము కాగలదు. చేతితో నేర్చిన విద్య తన నేలను దాటిపోలేదు. లెక్కగా మారిన విద్య సముద్రములను దాటినది.

బీహారు వెంటనే దిగిపోలేదు. 1861లో అమెరికా అంతర్యుద్ధమునకు ఉత్తరరాష్ట్రములవారికి కావలసిన పెట్లుప్పును కొనుటకు లమ్మోట్ డ్యుపాంట్ లండనునకు వచ్చి, అచ్చట నిలువయున్న సరకును పెద్దయెత్తున కొనెను. అది మన దేశమునుండి పోయినదే. ఇంతలో ‘ట్రెంటు’ ఓడ వివాదము రేగి, బ్రిటిషు ప్రభుత్వము ఆ ఎగుమతిని నిలిపివేసినది. అమెరికా ఆ ఓడనుండి దింపిన దూతలను విడిచిపెట్టిన పిమ్మటగాని సరకు కదలలేదు. కాని ఆ తరువాత జర్మను పెట్లుప్పును, పొగలేని కొత్తమందులును వచ్చినవి. 1913లో ఓపావులో గాలినుండి అమ్మోనియా తీయు కర్మాగారము ఆరంభమైన పిమ్మట నైట్రేటుకొరకు నేలను గీకవలసిన పని రాజ్యములకు క్రమక్రమముగా తగ్గిపోయెను.

నూనియాలకు వేరొక చిక్కు ముందే వచ్చియుండెను. పెట్లుప్పు తీయగా మిగులునది ఉప్పుగదా! ఉప్పుమీద పన్ను కలదు. అందుచే పెట్లుప్పు వండువాడు ఉప్పుశాఖవారి లైసెన్సు పొందవలెను. వేరైన ఉప్పునకు సుంకము చెల్లింపవలెను, లేదా దానిని పాడుచేయవలెను. మూకుడు చల్లారినప్పుడు పైన నిలిచిన నీరు ఈ విధముగా చట్టము కంటబడినది. మన దత్తమండలములలోను పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున చవుటినేలనుండి ఉప్పు తీయు వృత్తిని ప్రభుత్వము అణచివేసినది. ‘ఉప్పర’ అను మాటలోని ఉప్పు ఆ వృత్తికి సంబంధించినదే.

1930 ఏప్రిలులో ఉప్పు సత్యాగ్రహము ఆరంభమైనప్పుడు బీహారువారికి సముద్రము లేదు. అయినను చంపారన్, సారన్ జిల్లాలలో జనము చవుటిమట్టిని తెచ్చి, నీట కడిగి, పొయ్యిమీద కాచి ఉప్పు వండిరి. మట్టి పాతదే, తొట్టి పాతదే. అయితే ఈ మారు వారికి కావలసినది చల్లారిన మూకుడు అడుగున పేరుకొన్న కలములు కావు. వేడిలోనే పడిపోయి, గరిటెకు తగిలి, ఇన్నాళ్లు పారవేయబడినది.